ఒకే రాజు, మూడు డొమినియన్లు: ఎవరి దారి మేలు?

1947 అక్టోబరు చివర కశ్మీరులో భారత సైన్యం దిగేనాటికి మన దేశానికి రాజు ఆరో జార్జి. పాకిస్తాన్‌కూ ఆయనే రాజు. రెండు సైన్యాలకూ అధిపతులు బ్రిటిష్ జనరళ్లే. చట్టం లెక్కన చూస్తే రాజుగారు తన మీద తానే యుద్ధానికి దిగినట్టు. లండన్‌లో ఉన్న ఆయన చేయగలిగింది మాత్రం ఏమీ లేదు.

డొమినియన్ అంటే బ్రిటిష్ రాజునే తన రాజుగా ఉంచుకుని, తన పాలన తానే చూసుకునే దేశం. ఆ ఏర్పాటులోని విచిత్రమంతా ఇదే. రాజు ఒక్కడే అయినా, ఏ దేశానికి సంబంధించిన పని ఆ దేశపు మంత్రుల సలహా మీదే చేయాలి. డొమినియన్లు బ్రిటన్‌తో సమానమన్న 1926 బాల్ఫోర్ ప్రకటన, దానికి చట్టబలమిచ్చిన 1931 వెస్ట్‌మినిస్టర్ చట్టం తర్వాత ఇందులో పెద్దగా అనుమానం మిగల్లేదు. రాజు ఎక్కడో ఉంటాడు. ఆయన పేరుతో సంతకం పెట్టే గవర్నర్ జనరల్ ఇక్కడ ఉంటాడు. అందుకే రాజు ఉండాలా వద్దా అన్న గొడవ కంటే, ఆ సంతకం ఎవరి చేతిలో ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది అన్నదే పెద్ద ప్రశ్న అని నాకనిపిస్తుంది. ఐర్లండ్, పాకిస్తాన్, భారత్ దీన్ని మూడు రకాలుగా తేల్చుకున్నాయి.

ఐర్లండ్‌లో గొడవంతా రాజు పేరు మీదే మొదలైంది. బ్రిటన్‌తో కుదిరిన 1921 డిసెంబరు ఒప్పందం ప్రకారం అక్కడి పార్లమెంటు సభ్యులు తమ రాజ్యాంగంతో పాటు ఐదో జార్జికీ విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాలి. ముందు ఇది పుచ్చుకుందాం, పూర్తి స్వాతంత్ర్యానికి ఇదే దారి అన్నాడు ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన నాయకుడు మైకేల్ కాలిన్స్. మరో నాయకుడు డి వలేరా వర్గం ససేమిరా అంది. 1922 జనవరిలో 64-57 ఓట్లతో ఒప్పందం గట్టెక్కింది. జూన్ కల్లా అంతర్యుద్ధం మొదలైంది, ఆగస్టులో కాలిన్స్ హతమయ్యాడు. తీరా చూస్తే 1927లో డి వలేరా కూడా, ఇవి ఉత్త మాటలంటూనే ఆ ప్రమాణ పుస్తకంలో సంతకం పెట్టి సభలోకి వచ్చాడు! 1932లో అధికారం చేతికొచ్చాక రాజును ఓపిగ్గా, కొంచెం కొంచెంగా చెరిపేశాడు. గవర్నర్ జనరల్‌గా తన పార్టీ మనిషిని, మేనూత్‌లో దుకాణం నడిపిన ఆయన్ని, కూర్చోబెట్టాడు. ఆయన వైస్రాయి భవనం వైపే వెళ్లలేదు. అద్దె ఇంట్లో ఉంటూ చట్టాల మీద సంతకాలు పెట్టాడు. 1933లో ప్రమాణం పోయింది. 1936 డిసెంబరులో ఎనిమిదో ఎడ్వర్డు గద్దె దిగిన హడావుడిలో రాజ్యాంగంలోంచి రాజు కూడా పోయాడు, విదేశీ వ్యవహారాల్లో ఆయన పేరు తప్ప. ఇంత నేర్పుగా పని జరిగింది గానీ, అప్పటికే అన్నదమ్ములు తుపాకులతో కాల్చుకోవడం అయిపోయింది.

పాకిస్తాన్‌లో రాజు మీద ఎవరికీ అంత కోపం లేదు, ప్రమాదం వేరే చోట ఉంది. జిన్నా స్వయంగా గవర్నర్ జనరల్ అయ్యాడు, రాజ్యాంగ సభకూ తానే అధ్యక్షుడు. ఆయనున్నంత కాలం ఆ కుర్చీ బలం ఆయన బలంగానే కనిపించింది. 1951లో ప్రధాని లియాఖత్ అలీ హత్య తర్వాత అది గులాం మహమ్మద్ చేతికి వచ్చింది. 1953 ఏప్రిల్‌లో ఆయన ప్రధాని నజీముద్దీన్‌ను బర్తరఫ్ చేశాడు. 1954లో రాజ్యాంగ సభ గవర్నర్ జనరల్ అధికారాలను కత్తిరించబోతే, అక్టోబరు 24న ఏకంగా ఆ సభనే రద్దు చేశాడు. స్పీకర్ తమీజుద్దీన్ ఖాన్ కోర్టుకెక్కి సింధ్‌లో గెలిచాడు, పై కోర్టులో ఓడిపోయాడు. రాజ్యాంగ సభ చేసిన చట్టాలకు కూడా గవర్నర్ జనరల్ ఆమోదం కావాలి, అది లేదు గనక హైకోర్టుకు అలాంటి రిట్ జారీ చేసే అధికారమిచ్చిన చట్టమే చెల్లదు అన్నది జస్టిస్ మునీర్ తీర్పు. ఎక్కడో ఉన్న రాణి (ఆరో జార్జి తర్వాత గద్దెనెక్కిన ఎలిజబెత్) పేరిట ఇవ్వాల్సిన ఒక్క ఆమోదముద్ర లేదన్న సాకుతో ఒక దేశపు రాజ్యాంగ సభ గాలికి పోయింది.

మన వాళ్లు కూడా రెండు డొమినియన్లనూ ఏర్పరచిన అదే 1947 బ్రిటిష్ చట్టంతో, అదే ఆగస్టులో మొదలుపెట్టారు. మౌంట్‌బాటన్‌ను గవర్నర్ జనరల్‌గా ఉంచుకోవడం నాకైతే అంత మంచి పనిగా తోచదు. విక్టోరియా మునిమనవడు ఢిల్లీలో కేబినెట్ రక్షణ కమిటీకి అధ్యక్షత వహిస్తుంటే అవతల పాకిస్తాన్ ఆ రాజుకే చెందిన మరో డొమినియన్! 1948 జూన్‌లో రాజాజీ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. అసలు తెలివి 1949 నవంబరు 26న కనిపించింది. రాజ్యాంగం మీద రాజ్యాంగ సభ అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ సంతకం పెట్టాడు. గవర్నర్ జనరల్ ఆమోదానికి దాన్ని పంపనే లేదు. పైగా 395వ అధికరణం మనకు స్వాతంత్ర్యమిచ్చిన బ్రిటిష్ చట్టాన్నే రద్దు చేసింది. పాకిస్తాన్‌లో ఐదేళ్ల తర్వాత మెడకు చుట్టుకున్న చిక్కుముడి ఇక్కడ అలా ముందే తెగిపోయింది.

కాంగ్రెస్‌కు సభలో ఉన్న మెజారిటీ వల్లే ఇది ఇంత తొందరగా అయిందనేవాళ్లున్నారు. నిజమే. తూర్పు, పడమర పాకిస్తాన్‌ల మధ్య సీట్ల పంపకం లాంటి తలనొప్పి మనకు లేదు. అయినా రెండున్నరేళ్లలోపు డొమినియన్ దశ దాటడానికీ, 1956 దాకా దాన్ని సాగదీయడానికీ తేడా తేడానే.

రాజును నమ్ముకుంటే ఏమవుతుందో హైదరాబాదు నిజాంను అడగాల్సింది. బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడన్న బిరుదున్న ఆయన, తన సంస్థానాన్ని కిరీటంతో నేరుగా ముడిపడిన డొమినియన్ చేసుకోవాలని ఆశపడ్డాడు. లండన్ ఒప్పుకోలేదు. 1948 సెప్టెంబరు 17న లొంగిపోయాడు.

కెనడా, ఆస్ట్రేలియా ఇప్పటికీ ఆ రాజుతోనే హాయిగా ఉన్నాయి కదా అంటారు. 1975 నవంబరు 11న ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్ కెర్, దిగువ సభలో మెజారిటీ ఉన్న ప్రధాని విట్లామ్‌ను పదవి నుంచి తీసేశాడు. స్పీకర్ రాణికి ఉత్తరం రాస్తే, ఇందులో జోక్యం చేసుకోవడం తగదని జవాబొచ్చింది.

కాబట్టి నా ఓటు మన దారికే. 1949 ఏప్రిల్ లండన్ ప్రకటనతో భారత్ గణతంత్రంగా మారుతూనే, ఆరో జార్జిని కామన్వెల్త్ (బ్రిటన్, దాని పాత వలసల కూటమి) అధినేతగా మాత్రమే గుర్తించి అందులో కొనసాగింది. ఇంచుమించు ఇలాంటి ఏర్పాటునే డి వలేరా ఒప్పందం నాటి రోజుల్లో ప్రతిపాదించాడు. అప్పట్లో బ్రిటన్ దాన్ని కాదంది. ఐర్లండ్ అదే ఏప్రిల్ 18న గణతంత్రంగా ప్రకటించుకుని కామన్వెల్త్ నుంచి వెళ్లిపోయింది.