మొదటి లూర్‌కి ఏ కర్ర మేలు: బాల్సానా, పొణికా, అంకుడా?

లూర్ అంటే గాలానికి ఎరలా కట్టే బొమ్మ చేప. "అన్నా, మొదటి లూర్‌కి ఏ కర్ర తీసుకోమంటావ్?" ఆఫీసులో ఇద్దరు, మా బావమరిది, ఆదివారం చెరువుగట్టు మీద కలిసే కుర్రాళ్ళు, అందరిదీ ఇదే ప్రశ్న. అడిగేవాడు అప్పటికే ఏదో వీడియో చూసి బాల్సా అనే బాగా తేలిక కర్ర కొనడానికి సిద్ధమై ఉంటాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు నా పెట్టెలో ఉన్నవి చాలావరకు అంకుడు కర్రవే.

నేను చెప్పేది కొర్రమీను కోసం నీటిపైన ఆడించే లూర్ సంగతి. చుట్ట ఆకారం, లాగినప్పుడు లూర్‌ని వణికించే ప్లాస్టిక్ పెదవి ముందు ఉండదు. కొత్తవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలని నా పట్టుదల. పెదవి కోసం కోసిన గాడి వెంట్రుకవాసి వంకర పోయినా లూర్ ఒక పక్కకే పరిగెడుతుంది. తప్పు చెక్కడంలో ఉందా, బరువులో ఉందా అని తల పట్టుకోవడమే మిగులుతుంది.

బాల్సాని తీసిపారెయ్యడానికి లేదు. పేపర్ కట్టర్‌తో చెక్కొచ్చు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో చప్పుడు లేకుండా గంటలో ఆకారం వచ్చేస్తుంది. బెంగళూరులో ఏరోమోడలింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. పెదవి ఉన్న లూర్ కాస్త లాగగానే వణకాలంటే దీన్ని మించింది లేదు. ఫిన్లాండ్‌లో లౌరీ రాపాలా 1936లో తన మొదటి లూర్‌ని బెండుతో చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పైపూత వేశాడు. బాల్సా తర్వాత వచ్చింది. తేలిక కర్ర ఎంచుకున్నవాడికి పైపూత తిప్పలు అప్పుడే మొదలయ్యాయన్నమాట.

ఆ తిప్పలు నాకూ వచ్చాయి. కోలారు వైపు ఒక చెరువులో, టెండర్ తీసుకున్నాయన్ని అడిగి దిగాం. నా రెండో బాల్సా లూర్‌కి మంచి కొర్రమీను పడింది. విడిపించి చూస్తే పొట్ట దగ్గర ఆవగింజంత పంటిగాట్లు రెండు. పట్టించుకోలేదు. మూడో ఆదివారానికి గాట్ల చుట్టూ రంగు ఉబ్బింది. గోటితో లాగితే అప్పడంలా లేచి వచ్చింది. పైన పూసిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) మంచిది కాదనుకుని వేరేది కొన్నాను. మళ్ళీ అదే కథ.

లోపం ఎపాక్సీలో లేదని తెలుసుకోవడానికి నాలుగు లూర్లు పోయాయి. ఎపాక్సీ గాజులా గట్టిపడుతుంది. కింద ఉన్న బాల్సా బొటనవేలితో నొక్కితే గుంట పడేంత మెత్తన. పళ్ళు దిగినా, రాయికి తగిలినా కర్ర లోపలికి పోతుంది, పైపొర పగులుతుంది. ఆ పగుల్లోంచి చుక్క నీళ్ళు పోతే చాలు, కర్ర ఉబ్బి రంగుని పైకి నెడుతుంది. అందుకే నా దృష్టిలో తేలడం, చెక్కడం, ధర అన్నీ తర్వాతే. రంగు కింద కర్ర గట్టిగా నిలబడుతుందా లేదా అన్నదే ముందు చూడాలి.

బాల్సాకీ మందు ఉంది. పలచటి సూపర్ గ్లూ తాగిస్తే పైన గట్టి పెంకులా అవుతుంది (కిటికీలు తెరిచి చెయ్యండి, ఆ పొగ కళ్ళకు మంట). గాలాలు తగిలించే స్క్రూ కొక్కేలు ఊడొస్తాయి కాబట్టి కర్ర పొడవునా స్టీలు తీగ దూర్చాలి. విసరడానికి బరువు చాలదు కాబట్టి సీసం పెట్టాలి. ఇవన్నీ చేశాక, తేలిక కర్ర ఎందుకు ఎంచుకున్నామో మనకే గుర్తుండదు.

అంకుడు మనకు కొత్త కాదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేది ఈ కర్రతోనే. బెంగళూరు నుంచి మైసూరు రోడ్డులో 60 కిలోమీటర్లు వెళితే చెన్నపట్న, అక్కడి బొమ్మలకూ ఇదే చెట్టు. కన్నడంలో ఆలె మర అంటారు. బొమ్మలు తిప్పేవాళ్ళ దగ్గర మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. లోపల తేమ ఉంటే రంగు కింద అదే ఉబ్బిస్తుంది, కాబట్టి బాగా ఎండినవి చూసి ఏరుకోవాలి.

సన్నటి, ఒత్తైన పోగు. 400 నంబరు ఎమెరీ కాగితం పడ్డాక చెంపలా నున్నగా ఉంటుంది, రంగు కింద గీతలు కనబడవు. 10 సెంటీమీటర్ల లూర్ నాకు బాల్సాలో 4 గ్రాములు వస్తే, ఇందులో 15 దాకా వచ్చింది. సీసం దాదాపు అక్కర్లేదు, తోక వైపు రెండు గుళ్ళు చాలు. ముక్కు పైకెత్తి, ఒళ్ళు సగానికి పైగా మునిగి కూర్చుంటుంది. రాడ్ కొసని చిన్నగా కొడుతుంటే అటూ ఇటూ నడుస్తుంది. స్క్రూ కొక్కేలు నేరుగా పట్టేస్తాయి. కానీ ముందు సన్న రంధ్రం వెయ్యకపోతే కర్ర చీలుతుంది, నాది ఒకటి చీలింది.

కష్టం లేకపోలేదు. కట్టర్‌కి లొంగదు. నేను ముక్కని చేతి డ్రిల్‌కి బిగించి తిప్పుతూ ఎమెరీ కాగితం పట్టాను. ఇల్లంతా పొడి, కింది ఇంటివాళ్ళ ఫోను. చెన్నపట్నలో లేత్ మీద తిప్పించుకుంటే చిటికెలో పని. అక్కడే లక్క కూడా వేయించుకుందామని కొందరంటారు. లక్క అందం వేరు, నిజమే, కానీ నీళ్ళలో నానితే తెల్లబారే గుణం దానిది. పైన ఎపాక్సీ తప్పదు.

ఇక పొణికి. కొండపల్లి బొమ్మల కర్ర. కృష్ణా జిల్లావాణ్ణి కాబట్టి నాకు మమకారం ఎక్కువ, దాన్ని పక్కన పెట్టి చెబుతున్నాను. తేలిక, కత్తికి వెన్నలా తెగుతుంది, బాల్సా కన్నా కాస్త నిలుస్తుంది. చిక్కల్లా బెంగళూరులో దొరక్కపోవడమే. అతుకులకి కొండపల్లివాళ్ళు వాడే చింతగింజల మక్కు (ముద్ద) బొమ్మకి సరిపోతుంది గానీ నీళ్ళకి పనికిరాదు. మీరు ఎపాక్సీనే వాడండి.

టేకు ముక్కలు వడ్రంగి దగ్గర ఊరికే వస్తాయి. నూనె కర్ర, థిన్నర్‌తో తుడవకపోతే రంగు పట్టదు. ప్యాకింగ్ పెట్టెల పైన్‌తో చెయ్యి అలవాటు చేసుకోవచ్చు, ముడులున్న చోట మాత్రం వదిలెయ్యండి.

రంగుకి ఎయిర్‌బ్రష్ కొనాలా అని కూడా అడుగుతారు. ఇప్పుడే వద్దు. తెల్ల ప్రైమర్, మూడు ఆక్రిలిక్ రంగు సీసాలు, ఒక స్పాంజి ముక్క. ఉల్లిపాయల వల సంచిని బిగించి చుట్టి పైన స్పాంజితో అద్దితే పొలుసులు పడతాయి. కింద నుంచి చూసే చేపకు వీపు కనపడదు, ఆ పొలుసులు మన సరదాకే. పొట్ట తెల్లగానో నల్లగానో ఒకే రంగు వెయ్యండి. తల మీద ఎరుపు మాత్రం నేను వదలను, నాచులో లూర్ ఎక్కడుందో నాకు కనిపించాలి కదా.

పైపూతకి ఐదు నిమిషాల ఎపాక్సీ జోలికి పోవద్దు. పూత పూర్తయ్యేలోపే గడ్డ కడుతుంది, తర్వాత పచ్చబడుతుంది. నెమ్మదిగా ఆరేది తీసుకుని, రెండు భాగాలూ చెప్పిన కొలతకే కలపండి. మొదటి కొన్ని గంటలు లూర్ తిరుగుతూ ఉండాలి, లేకపోతే అంతా కిందికి జారి బొట్టు కడుతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో నిమిషానికి 5 చుట్లు తిరిగే చిన్న గేరు మోటారు కొన్నాను. మా ఆవిడ దాన్ని కబాబ్ మిషన్ అంటుంది.

ఇవాళ దాని మీద అంకుడు లూర్లు రెండు తిరుగుతున్నాయి. పండక్కి ఊరెళ్ళి తెచ్చిన పొణికి ముక్క బాల్కనీలో ఎండుతోంది. పెదవి లూర్ ఒకటి చేసి చూడాలని ఉంది, మా బావమరిదికి మాత్రం చెప్పకండి.