చైనా ఎగుమతులు, భారత్ అసమానతలు: ఉద్గారాలకు రెండు దారులు

2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన చైనా, బొగ్గు విద్యుత్తుపై ఆధారపడి కర్మాగారాలను విస్తరించుకొని, ఆ దశాబ్దంలోనే కర్బన ఉద్గారాల్లో అమెరికాను దాటిపోయింది. ఎగుమతైన సరుకును వాడుకున్నది అమెరికా, ఐరోపా వాసులైనా, దాన్ని తయారుచేసినప్పటి పొగ మాత్రం చైనా పద్దులోనే పడింది. 1991లో ఆర్థిక సంస్కరణలు చేపట్టిన భారత్‌లో ఎదుగుదలకు సేవల రంగమే ఎక్కువగా ఊతమిచ్చింది కాబట్టి, అక్కడి ఉద్గారాలపై ప్రపంచీకరణ ముద్ర అంత గాఢంగా కనిపించదు. చైనాలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఏడాదికి సుమారు 8 టన్నులు, మన దగ్గర సుమారు 2 టన్నులు.

అయితే ఈ సగటు (సగటు దాచేదే ఎక్కువ) ఏసీలు, కార్లు ఉన్న ఇంటినీ, పిడకలపై వండుకునే ఇంటినీ ఒకే గాటన కడుతుంది. అందుకే భారత్ విషయంలో వాణిజ్యం కన్నా ఆదాయ పంపకాన్నే ముందు చూడాలని నా అభిప్రాయం. అసమానత తగ్గితే ఉద్గారాలు వాటంతటవే తగ్గుతాయనడం మాత్రం తొందరపాటు, ఎందుకంటే పేదింటికి ఫ్రిజ్, మోటారుసైకిల్ వచ్చినా విద్యుత్తు, పెట్రోలు వాడకం పెరుగుతుంది.