కేర్ హోమ్‌లో మంచం మీదున్న పెద్దవాళ్ళని పెట్టినవాళ్ళు, పెట్టబోయేవాళ్ళు కాస్త ఇది చదవండి

ఆ కేర్ హోమ్ పేరు రాయను. వెబ్‌సైట్ తెరవగానే తోటలో తెల్లజుట్టు జంట నవ్వుతూ ఉంటుంది, వెతుకుతున్నవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయుంటుంది.

నాన్నకి స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది, తనంతట తాను పక్కకి తిరగలేరు, ఇంట్లో ఎత్తి దించడం మావల్ల కాక అక్కడ చేర్పించాం, ఆ కథంతా వదిలేయండి. చేర్చేటప్పుడు ఒక్కటే అడిగాను, రెండు గంటలకోసారి పక్క మారుస్తారా అని. "మా దగ్గర చార్టే ఉంటుంది మేడమ్, తిప్పినప్పుడల్లా సంతకం పెట్టాల్సిందే" అన్నాడు మేనేజర్. చార్ట్ ఉందంటే పని జరిగిపోతున్నట్టే అనుకునే తెలివి నాది.

సెలవు రోజు వస్తున్నామని ఫోన్ చేసి వెళ్తే నాన్న తల దువ్వించుకుని, ఇస్త్రీ చొక్కాలో వీల్‌చైర్‌లో రెడీగా ఉండేవారు. కూర్చున్న మనిషికి నడుము కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది? పైగా ఆ చొక్కాకి మురిసిపోయి ఐదు స్టార్లు కూడా ఇచ్చాను, నా రివ్యూ చూసి ఎవరైనా చేరుంటే వాళ్ళకి ఓ దండం.

మొన్న పనిమీద అటు వెళ్ళి, చెప్పకుండానే లోపలికి పోయాను. మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. గదిలో అడుగు పెట్టగానే వాసన. తడిసిపోయిన డైపర్‌తో వెల్లకిలా ఉన్నారు, పక్కకి తిప్పితే తోక ఎముక దగ్గర పుండు, లోపల కండ కనబడుతోంది, మడమలు రెండూ నల్లబడ్డాయి. మంచం చివర చార్ట్ వేలాడుతుంటే తీశాను. అక్కడండీ నా ఒళ్ళు మండింది. 2 గంటలకి ఎడమ, సంతకం. 4 గంటలకి వెల్లకిలా, సంతకం. 6, 8, 10... అన్నిటికీ సంతకాలే! మూడు కాలేదని చెప్పానా, రాత్రి పదింటికి నాన్న కుడిపక్కకి తిరిగి పడుకున్నారని అప్పుడే రాసేశారు. మేం జాతకాలు కూడా చెప్తాం అని బ్రోచర్‌లో వేసుకోవాల్సింది.

ఫోటో తీద్దామని ఫోన్ తీసేలోపు మేనేజర్ వచ్చి చార్ట్ చేతిలోంచి లాక్కున్నాడు. "ఇవి స్టాఫ్ పేపర్లు మేడమ్, ఫ్యామిలీకి కాదు" అట. మరి ఈ పుండేంటయ్యా అంటే "ఈ వయసులో ఇవన్నీ మామూలే, అయినా మీరు చూసుకోలేకే కదా ఇక్కడ పెట్టారు" అన్నాడు, నాన్న ముందే, ఆయనకి మాట పోయింది గానీ అన్నీ అర్థమవుతాయి, కళ్ళు మూసేసుకున్నారు. పుండుకన్నా ఆ మాటే నాకు ఎక్కువ మండుతోంది, తిరిగి ఏమనాలో అప్పుడు తోచలేదు, ఇప్పుడు రాత్రంతా తోస్తోంది.

వయసు కాదు నీ మొహం కాదు. ఒకేచోట బరువు పడి రక్తం అందక చర్మం చచ్చిపోతుందట, ఆస్పత్రిలో డాక్టర్ చెప్పారు. మొదట ఎర్రటి మచ్చ, వేలితో నొక్కినా తెల్లబడదు, అప్పుడే పట్టుకుంటే మందుల దాకా పోకుండా మానిపోయేదట. కండ కనిపించిందంటే నాలుగో దశ, దాని తర్వాత ఇంకో దశ లేదు. మేనేజర్ గారేమో ఒకేచోట బరువు పడకుండా ఎయిర్ బెడ్, అదే గాలి పరుపు, వేశాం కదా అని దబాయింపు. ఎయిర్ బెడ్ వేసినా మనిషిని తిప్పాల్సిందే బాబూ.

నాన్నని ఆ హోమ్ నుంచి తీసుకొచ్చేటప్పుడు చార్ట్ కాపీ ఇమ్మంటే ఇచ్చారు, నలగని కొత్త కాగితాలు, నెలంతా ఒకటే పెన్ను, ఒకటే చేతిరాత. ఆ నర్సమ్మ నెలంతా పగలూ రాత్రీ నిద్రపోలేదు పాపం.

చెప్పకుండా వెళ్ళండి, రాత్రిపూట కూడా. మొహమాటపడకుండా దుప్పటి తీసి నడుము, తుంటి, మడమలు మీరే చూడండి. చార్ట్ ఫోటో ముందు తీసుకుని తర్వాత అరవండి, నాలాగా కాదు.

డిపాజిట్ అడిగితే, నెల ముందు నోటీసు ఇవ్వకుండా పేషెంట్‌ని తీసుకెళ్ళారు కాబట్టి రూల్ ప్రకారం తిరిగి రాదట. రూల్స్ మాత్రం బాగా గుర్తుంటాయి వీళ్ళకి.