షుగర్ చెప్పే చేతి పట్టీ కొనకండి

శ్రీకాకుళం వాళ్లూ, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఇది తప్పకుండా చదవండి. ఆ షాపు వాళ్లు అమ్ముతున్న చేతి పట్టీ కొనకండి. ఏ షాపో మీకు తెలుసు, నెల రోజులుగా అందరి స్టేటస్‌లలో తిరుగుతున్న వీడియో వాళ్లదే.

వాళ్లు చెప్పేదేంటంటే, సూది అక్కర్లేదట. షుగర్ పెరిగితే పట్టీ వెచ్చబడుతుందట, పడిపోతే చల్లబడి వైబ్రేట్ అవుతుందట. నాన్నకి చూపు ఆనదు, మీటర్లో అంకెలు కనబడవు. చెయ్యికే తెలిసిపోతుంది కదా అని 6,499 కట్టేశాను. బిల్లు కావాలంటే జీఎస్‌టీ అదనం అన్నాడు షాపతను, సరే వద్దన్నాను. తప్పు నాదే.

అది కట్టుకున్నాక నాన్న వేలు పొడుచుకోవడం మానేశారు. మొన్న తెల్లవారుజామున ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. "ఏటోరా, పట్టీ చల్లబడలేదు కదా" అంటారు. పాత మీటరుతో చూస్తే 58! 70 కిందికి వస్తేనే లో షుగర్. అమ్మ పంచదార నీళ్లు పట్టించింది. పావుగంటకి తేరుకున్నారు.

నిన్న షాపుకి వెళ్లాను. కౌంటర్ మీదున్న మంచినీళ్ల సీసాకి పట్టీ చుట్టాను. పట్టీ యాప్‌లో షుగర్ 118 అని వచ్చింది. సీసాకి! ఫోను షాపతని ముందే పెట్టాను. చూసి, "సీసాకి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది సార్" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు పకపకా నవ్వారు. మా నాన్న ప్రాణం మీదికి వచ్చిందని చెబుతుంటే నవ్వు ఎలా వచ్చిందో! డబ్బు తిరిగిమ్మంటే "బిల్లు తెండి" అని మొహం తిప్పేసుకున్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఎలక్ట్రానిక్స్ చదివే మా మేనల్లుడు పట్టీ విప్పి చూపించాడు. చిన్న పెల్టియర్ పలక, బుల్లి మోటారు, పచ్చ లైటు, అంతే. పలకలో కరెంటు ఒకవైపు పారితే చర్మానికి తగిలే వైపు వేడెక్కుతుంది, తిప్పి పంపితే చల్లబడుతుంది. ఇది 1834లోనే కనిపెట్టిన సంగతే, అది బాగానే పనిచేస్తుంది. చెయ్యికి నిజంగా వెచ్చగా తగిలేసరికి నాన్న నమ్మేశారు. షుగర్ కొలిచేది మాత్రం లోపల ఏదీ లేదు. డాక్టర్లు రాసే అసలు సెన్సర్‌కైతే చర్మం కిందికి సన్నటి తీగ వెళ్లాలి. గుచ్చకుండా కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని మందులు, వైద్య పరికరాల్ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే చెప్పింది. కొనేముందు ఒక్కసారి వెతికి ఉంటే నాకూ తెలిసేది.

వేలు పొడిచి చూడటం మానకండి. బిల్లు లేకుండా ఏదీ కొనకండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను, మోసపోయినవాళ్లుంటే మీరూ చెయ్యండి. సీసాకి 118 చూపించిన వీడియో నా దగ్గరుంది, అడిగితే పంపుతాను.