మృదంగం సంచిలో నాలుగేళ్లు తిరిగిన 12 రంగుల డబ్బా

ఉండేది తిరుపతిలో, కచేరీలకి మృదంగం వాయిస్తూ నెలలో సగం రోజులు బయటే ఉంటాను. నాలుగేళ్ల కిందట కొన్న వాటర్ కలర్ డబ్బా ఇది, శ్రుతి చేసుకునే రాయి పక్కన ఇమిడిపోయేంత చిన్న రేకు డబ్బా, మూత తెరిస్తే అదే పాలెట్.

రంగులు ఓ పట్టాన అయిపోవు. ఇన్నాళ్లకు అడుగంటినవి రెండే, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం). కారణం మా కొండే. సాయంత్రం ఎండ పడితే శేషాచలం రాళ్లు ఎర్రగా వెలుగుతాయి కదా, ఆ ఎరుపుకి సియెన్నా, నీడలకి ఆ రెండూ కలిపిన బూడిద రంగు. నలుపుతో పనిలేదు. తెలుపు బిళ్ల ఇప్పటికీ కొత్తగానే ఉంది, ఎందుకంటే వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితాన్ని వదిలేయడమే (ఇది తెలియడానికి నాకు ఏడాది పట్టింది, నవ్వకండి).

డబ్బాలోని ముదురు ఎరుపు మాత్రం మోసం. దాంతో చంద్రగిరి రాజమహల్ ముందు కూర్చుని పూల చెట్లు వేసి ఇంట్లో కిటికీ పక్కన తగిలిస్తే రెండేళ్లలో పూలన్నీ పాలిపోయాయి. కొనేముందు పిగ్మెంట్ నంబరు (రంగులో వాడిన పదార్థం ఏదో చెప్పే కోడ్) చూడండి, పీఆర్83 అని ఉంటే అది ఎండకు వెలిసిపోయే అలిజరిన్. నా డబ్బా మీద అసలు నంబర్లే లేవు.

వాతావరణం ఇంకో తలనొప్పి. డిసెంబరులో మద్రాసు కచేరీల సీజన్‌కి వెళ్తే ఆ తేమకు బిళ్లలు ఆరవు, జిగటగా మూతకి అంటుకుంటాయి, తడిమీద మూసేస్తే బూజు కూడా పడుతుంది. అదే మే నెలలో తిరుపతిలో అయితే ఆకాశం సగం వేసేలోపే మొదటి సగం ఆరిపోయి చార కనిపిస్తుంది. ఇక రైల్లో అంటారా, బొమ్మ వేసేది రేణిగుంటలో బండి ఆగినంతసేపే.

డబ్బాతోపాటు వచ్చిన నీళ్ల బ్రష్ వాడకండి. పిడిలో నీళ్లు నింపి నొక్కితే కుచ్చులోకి దిగే రకం అది. ఓసారి సంచిలోనే కారి మృదంగం మూత తడిసింది, తోలు వదులై శ్రుతి దిగిపోయింది, కచేరీకి ఇంకా గంట టైముంది. ఆ టెన్షన్ మళ్లీ వద్దని మామూలు బ్రష్‌కి, చిన్న గిన్నెకి మారాను. ఇంకో ఊళ్లో స్టేజి వెనక బొమ్మ వేస్తూ, మృదంగం ఎడమ మూత గంభీరంగా మోగడానికి దానికి పెట్టే రవ్వ తడపడానికి ఉంచుకున్న నీళ్లలో బ్రష్ కడిగేశాను. చూసుకోకుండా అందులోనే రవ్వ కలిపితే ముద్ద లేత నీలంగా తేలింది. వేరే చేసే టైము లేక అదే పెట్టి వాయించా. పక్కన వయొలిన్ పెద్దాయన తొంగిచూసి, "ఏమప్పా, ఈరోజు కృష్ణుడి కీర్తనలేనా అన్నీ?" అన్నాడు.

కాగితం మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) కాటన్‌దే తీసుకోండి, పల్చనిది నీళ్లకి అప్పడంలా లేస్తుంది.

మళ్లీ కొంటానా అంటే, డబ్బా ఉండగా ఎందుకు? ఖాళీ బిళ్లల్లో ట్యూబు రంగు పిండి ఎండబెట్టుకుంటున్నా. మూత కీలు వదులైంది, రబ్బరు బ్యాండ్ వేశాను.