హై ఫైర్ స్టోన్‌వేర్ పేరుతో అమ్మే బోన్సాయ్ కుండీలతో జాగ్రత్త

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు చూసి బోన్సాయ్ కుండీలు ఆర్డర్ ఇస్తున్నవాళ్లు దయచేసి కాస్త ఓపిగ్గా ఇది చదవండి. స్టోన్‌వేర్ అంటే బాగా ఎక్కువ వేడిలో (హై ఫైర్) కాల్చి, రాయిలా గట్టిపడిన మట్టి. "పూర్తిగా చేత్తో చేసిన స్టోన్‌వేర్, 1240 డిగ్రీల్లో కాల్చింది" అని చెప్పి నాకు అమ్మిన కుండీ ఒక్క వేసవి కూడా నిలవలేదు. మూల దగ్గర అతుకు పైనుంచి అడుగు దాకా విచ్చుకుంది. 3,800 రూపాయలు పెట్టాను, రవాణా ఖర్చు అదనం. డబ్బు కన్నా ఎక్కువ బాధ ఏమిటంటే, అందులో ఉన్నది ఏళ్ల తరబడి పెంచుకున్న జువ్వి చెట్టు. నడి మే నెల ఎండలో వేళ్లు బయటపడి, సగం కొమ్మలు ఆకు రాల్చేశాయి.

విరిగిన గోడను చేతిలోకి తీసుకోగానే అసలు సంగతి తెలిసిపోయింది. అతుకు ఉన్న చోట అంచు నున్నగా, కత్తితో కోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క గీత లేదు. ఆ నున్నదనం ఎందుకంత పెద్ద తప్పో తెలియాలంటే, ఇలాంటి కుండీ ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి.

నలుచదరం కుండీలను సారె మీద తిప్పి చేయడం కుదరదు. మట్టిని చపాతీలా కర్రతో ఒత్తి పలకలు చేస్తారు. మందం అంతటా ఒకేలా రావడానికి రెండు పక్కలా చెక్క బద్దలు పెడతారు. ఆ పలకలను వెంటనే అతికించరు. నిలబెడితే వంగకుండా, గోరు గుచ్చితే మాత్రం దిగేలా ఉండే దాకా ఆరనిస్తారు. అప్పుడు అడుగు, నాలుగు గోడలు కోసి, కలవాల్సిన అంచులను సూదితోనో ఫోర్కుతోనో అడ్డదిడ్డంగా లోతుగా గీరుతారు. అదే మట్టిని నీళ్లలో చిక్కగా కలిపి ఆ గీతల మీద పూసి, గట్టిగా అదిమి కలుపుతారు. లోపలి మూలల్లో సన్నటి మట్టి తాడు పెట్టి, వేలితో రెండు వైపులా కలిసిపోయేలా రుద్దుతారు. గీరిన రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కలిసి ఒకే మట్టి అయితేనే అది అతుకు. నున్నటి అంచుకు నున్నటి అంచు ఆనించి పైన స్పాంజితో తుడిచేస్తే, చూడటానికి అతికినట్టే ఉంటుంది, అంతే.

ఆరబెట్టడంలో తొందర ఇంకో శత్రువు. మట్టి రకాన్ని బట్టి మారినా, ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కలిపి సాధారణంగా 10 నుంచి 12 శాతం దాకా కుంచించుకుపోతుంది. గోడలు ముందే ఆరిపోయి అడుగు ఇంకా తడిగా ఉంటే, రెండూ వేర్వేరుగా లాగుతాయి. అందుకే పని తెలిసినవాళ్లు కుండీకి ప్లాస్టిక్ కవర్ కప్పి నిదానంగా ఆరనిస్తారు, మట్టిలో కాల్చిన మట్టి పొడి కలుపుతారు. నా కుండీ అడుగు మధ్యలో కిందికి దిగిపోయి ఉంది. రంధ్రాలేమో దానికన్నా ఎత్తులో ఉన్నాయి. నీళ్లు పోస్తే అడుగున నిలిచిపోయేవి. బోన్సాయ్‌కి అంతకన్నా చేటు ఏముంటుంది? పాపం ఆ చెట్టు వేళ్లు కొన్ని అప్పటికే కుళ్లిపోయి ఉన్నాయి.

ఇక 1240 డిగ్రీల మాట. విరిగిన ముక్కను పూర్తిగా ఆరబెట్టి తూకం వేశాను, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ వేశాను. బరువు 13 శాతం పైగా పెరిగింది. సరిగ్గా కాలిన స్టోన్‌వేర్ మామూలుగా రెండు మూడు శాతానికి మించి నీళ్లు పీల్చదు. ఇది వెయ్యి డిగ్రీల దగ్గర కాలిన మామూలు టెర్రకోట. టెర్రకోట చెడ్డదని నేను అనడం లేదు. మన కుమ్మరులు చేసే కుండీల్లో ఎన్నో మొక్కలు హాయిగా పెరుగుతున్నాయి. కానీ వాటి ధర వేరు, వాటి స్వభావం వేరు. మా బోరు నీళ్లలాంటి ఉప్పు నీళ్లు పోస్తే పీల్చుకుని, గోడల మీద తెల్లటి పొర కడతాయి. పేరు మార్చి పది రెట్లు ధర పెట్టి అమ్మడమే మోసం.

ముదురు గోధుమ రంగు కూడా అబద్ధమే. దూదిని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి అడుగున రుద్దితే రంగంతా దూదికి అంటుకుంది. అది యాక్రిలిక్ పెయింట్. బట్టీలో కాలిన గ్లేజ్ (గాజులాంటి పూత) గానీ, మట్టి సొంత రంగు గానీ అలా రాదు. అడుగున ఏదో జపనీస్ అక్షరాల ముద్ర వేసి, "టోకోనామె స్టైల్" అని రాశారు. జపాన్‌లో ఐచి ప్రాంతంలోని టోకోనామె బోన్సాయ్ కుండీలకు పేరున్న ఊరే. అక్కడి తయారీదారులు తమ ముద్ర వేస్తారన్నదీ నిజమే. కానీ ముద్రలు ఎవరైనా చేయించుకోవచ్చు, ముద్ర చూసి ధర ఇవ్వకండి.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే మొదట "నీళ్లు ఎక్కువ పోసి ఉంటారండీ" అన్నారు. బోన్సాయ్ కుండీకి నీళ్లు ఎక్కువై పగలడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తర్వాత "చేత్తో చేసినవాటిలో చిన్న చిన్న లోపాలు సహజం" అన్నారు. అతుకు అంచు ఫొటో పెట్టి, ఇది గీరారా అని అడిగాక నన్ను బ్లాక్ చేశారు. చేత్తో చేసినవాటిలో లోపాలు సహజమన్న ఆ మాట నాకు చాలా కోపం తెప్పించింది. ఒక్కో మూలా ఓపిగ్గా అదిమి, వారాల తరబడి ఆరబెట్టి పని చేసే కళాకారులు మన దగ్గర ఉన్నారు. చేతిపని అనే మాటను నాసిరకానికి సాకుగా వాడితే వాళ్ల కడుపు కొట్టినట్టే.

కొనేముందు అమ్మేవాళ్లను లోపలి మూలల ఫొటో, అడుగు ఫొటో అడగండి. అందంగా చెట్టు పెట్టి తీసిన ఫొటో మనకు ఏమీ చెప్పదు. కాల్చకముందు తీసిన ఫొటో ఒక్కటైనా ఉందా అని అడగండి. నిజంగా చేసేవాళ్లు సంతోషంగా చూపిస్తారు. కుండీ చేతికొచ్చాక వేలి కణుపుతో కొట్టి చూడండి. బాగా కాలినది ఖంగుమంటుంది, బీట ఉంటే మూగగా మోగుతుంది. చెట్టు పెట్టక ముందే సమంగా ఉన్న బల్ల మీద ఉంచి నీళ్లు పోసి, అడుగున నిలుస్తున్నాయేమో చూడండి. నేను చెప్పిన తూకం పరీక్ష కూడా అప్పుడే చేయండి, మట్టి నింపాక కుదరదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం మరవద్దు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఉంటే చాట్‌లు డిలీట్ చేయకండి. డబ్బు పంపిన రసీదు, వాళ్ల ప్రకటన స్క్రీన్‌షాట్, విరిగిన ముక్కలు దాచి ఉంచండి. ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన గుణాలు వస్తువుకు లేకపోతే అమ్మినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు తిరిగివ్వడానికి గానీ నిరాకరించకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. నేను ఫిర్యాదు ఇచ్చాను, మీరూ ఇవ్వండి.