6 ఏళ్ల వెస్టర్న్ బ్లాట్: ఉందా అంటే చెబుతుంది, ఎంత అంటే నసుగుతుంది

తిరుపతిలో పీహెచ్‌డీకి చేరి 6 ఏళ్లయింది. ఇప్పటికి వేసిన వెస్టర్న్ బ్లాట్‌లు 300 దాటి ఉంటాయి. పేపర్‌లో పెట్టుకోదగ్గవి వాటిలో 20 ఉంటే గొప్ప. ఇన్నాళ్లు దాంతో కాపురం చేశాక చెబుతున్న మాటలివి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. శాంపిల్‌లో మనకు కావాల్సిన ప్రొటీన్ ఉందో లేదో చూసే పద్ధతి ఇది. కణాల్లోంచి తీసిన ప్రొటీన్లను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో మరిగించి, జెల్‌లో కరెంటు పెట్టి సైజు వారీగా విడదీస్తాం. వాటిని మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి దించి, మనకు కావాల్సినదాన్ని పట్టుకునే యాంటీబాడీ వేస్తాం. దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీకి ఎంజైమ్ అతికించి ఉంటుంది. దానికి తగిన ద్రావణం పోస్తే వెలుగు వస్తుంది, ఫొటో తీస్తాం. అందులో ఆ వెలుగు నల్లటి గీతగా (బ్యాండ్) కనిపిస్తుంది. పేరులో ఉన్న పడమరకీ దీనికీ సంబంధం లేదు. డీఎన్‌ఏకి ఇలాంటి పద్ధతిని 1975లో ఎడ్విన్ సదరన్ ప్రచురించారు, సదరన్ ఆయన ఇంటిపేరు. దాన్ని పట్టుకుని ఆర్‌ఎన్‌ఏ పద్ధతిని నార్తర్న్ అన్నారు. ప్రొటీన్ల పద్ధతి 1979లో వస్తే, 1981లో బర్నెట్ అనే ఆయన వెస్టర్న్ అని పేరు పెట్టారు.

నాకు దీంట్లో నచ్చేది ఒక్కటే. యాంటీబాడీ అంటుకుందా అన్నదే కాదు, ఎంత సైజు దగ్గర అంటుకుందో కూడా కనిపిస్తుంది. 42 కిలోడాల్టన్ల (ప్రొటీన్ సైజుకి కొలత) యాక్టిన్ అనే ప్రొటీన్ 42 దగ్గరే రావాలి. 70 దగ్గర లావుపాటి గీత కనిపిస్తే యాంటీబాడీ ఇంకెవరినో పట్టుకుందేమోనని అనుమానించొచ్చు. జెల్ లేకుండా యాంటీబాడీతోనే ప్రొటీన్‌ని కొలిచే ఎలీసా పరీక్షలో ఆ సౌకర్యం లేదు.

మన ఊరి ఎండ దీనికి పడదు. మే నెలలో ఏసీ మొరాయించిన రోజు జెల్ గడ్డకట్టించే ఏపీఎస్, టెమెడ్ అనే రసాయనాలు కలిపి పోసేలోపే జెల్ గట్టిపడిపోతుంది. తొందరపడి వోల్టేజీ పెంచితే మధ్యలో వేడెక్కి, బ్యాండ్లు అంచుల దగ్గర వంపు తిరుగుతాయి. దీన్ని స్మైలింగ్ అంటారు. జెల్ నవ్విన రోజు మేం ఏడుస్తాం. ఐస్ మెషిన్ చెడిపోయినప్పుడు లీలామహల్ దగ్గర జ్యూస్ షాపులో ఐస్ అడిగి తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి.

ట్రాన్స్‌ఫర్, అంటే జెల్‌లోంచి మెంబ్రేన్ మీదికి దించే దగ్గర అందరం ఒకసారైనా దెబ్బతింటాం. ఎస్‌డీఎస్ వల్ల ప్రొటీన్లకు నెగటివ్ చార్జ్ ఉంటుంది, అవి పాజిటివ్ వైపు పరిగెడతాయి. అందుకే నలుపు (నెగటివ్) వైపు జెల్, ఎరుపు (పాజిటివ్) వైపు మెంబ్రేన్. రెండో ఏడాదిలో ఒక రాత్రి నిద్రమత్తులో తిరగేసి పెట్టాను. 30 వోల్ట్‌ల మీద కోల్డ్ రూమ్‌లో తెల్లవార్లూ నడిచింది. పొద్దున ప్రొటీన్లకు ఎర్రరంగు పట్టించే పాన్సో పోస్తే మెంబ్రేన్ మీద ఒక్క గీత కూడా లేదు. ప్రొటీనంతా బఫర్‌లో కలిసిపోయింది. పోయిన నెల మా జూనియర్ పాలిపోయిన మొహంతో వచ్చి, "అక్కా, ఏమీ రాలేదక్కా" అన్నాడు. "నలుపెటు పెట్టావు నాయనా?" అన్నదే నా మొదటి ప్రశ్న.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పను, గుండె తరుక్కుపోతుంది. మేం కొన్న 100 మైక్రోలీటర్ల యాంటీబాడీ ఒకటి 30 వేలు దాటింది. సీసా అడుగున కనీకనిపించనంత ద్రవం. అది ఒకసారి బ్రహ్మోత్సవాల రద్దీలో కొరియర్ ఆఫీసులోనే మూడు రోజులు పడి ఉంది. థర్మాకోల్ పెట్టె తెరిస్తే ఐస్ ప్యాక్‌లు నీళ్లు. ఆ యాంటీబాడీ తర్వాత పనిచేసింది గానీ, ప్రతి బ్లాట్‌కీ నాకు టెన్షనే.

ఇక కొలత సంగతి. అసలు పేచీ ఇక్కడే. ఫొటోలో నలుపు ఎంతుందో కొలిచే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌కి ఏ మరక చూపించినా ఒక నంబర్ ఇస్తుంది. ఆ నంబర్‌ని, అన్ని శాంపిళ్లలో సమానంగా ఉండాల్సిన యాక్టిన్ నంబర్‌తో భాగించి, బార్ గ్రాఫ్ గీసి, మందిస్తే ప్రొటీన్ 1.4 రెట్లు పెరిగిందని మూడేళ్లు ధీమాగా రాసుకున్నాను. ఒకరోజు మా సార్ బ్లాట్ చూసి, "ఏమ్మా, యాక్టిన్ ఇంత నల్లగా ఉంది, ఎంత లోడ్ చేశావు?" అని అడిగారు. 40 మైక్రోగ్రాముల ప్రొటీన్ అన్నాను. "10, 20, 30, 40 పక్కపక్కన వేసి చూడు" అన్నారు.

వేశాను. 10కీ 20కీ తేడా కనిపించింది. 20, 30, 40 మాత్రం ఒకే రకం నలుపు. సిగ్నల్ ఎప్పుడో నిండిపోయింది, ఆపైన ఎంత పోసినా ఒకటే. అంటే లోడింగ్‌లో తప్పుందో లేదో చెప్పాల్సిన యాక్టిన్, ఏం జరిగినా అంతా సమానమే అంటూ వచ్చిందన్నమాట. ఆ వారమే థీసిస్‌లోంచి రెండు గ్రాఫ్‌లు తీసేశాను. ఏడుపు రాలేదంటే అబద్ధం.

ఇప్పుడు ప్రతి కొత్త యాంటీబాడీకీ ముందు ఆ మెట్ల వరుస వేసి, సిగ్నల్ సరిగ్గా పెరిగే పరిధి చూసుకున్నాకే అసలు శాంపిళ్లు. ఫొటో కూడా పిక్సెల్ నిండకముందే ఆపుతాను. వీలైతే యాక్టిన్ బదులు లేన్‌లోని (ఒక శాంపిల్ నడిచిన వరసలోని) మొత్తం ప్రొటీన్‌తో పోలుస్తాను. ఇంత చేసినా రెట్టింపైందంటే నమ్ముతాను, 1.2 రెట్లు అంటే నమ్మను. మిల్లీలీటర్‌కి ఇన్ని నానోగ్రాములని లెక్క కావాలంటే ఎలీసాకి వెళ్లండి.

కొత్తవాళ్లు తప్పకుండా అడిగేది పాలపొడి గురించి. బ్లాకింగ్‌కి, అంటే యాంటీబాడీ మెంబ్రేన్‌కి ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా చేయడానికి, వెన్న తీసిన పాలపొడి 5 శాతం చాలు, దాదాపు అన్నిటికీ. ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్లను వెతికేటప్పుడు మాత్రం బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసే ప్రొటీన్) వాడండి. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్‌కే బోలెడు ఫాస్ఫేట్ ఉంటుంది, మెంబ్రేనంతా మబ్బు పట్టే ప్రమాదముంది. పాలపొడి డబ్బా మీద పెద్దక్షరాలతో ల్యాబ్ అని రాసుకోండి. మా దాంట్లో ఎవరో టీ పెట్టుకున్నారు.